గడ్డి దర్వాజా కాపలా

పెళ్లయిన కొత్తలో మా ఆయన నన్ను కాకినాడ నుంచి హైదరాబాదు తీసుకొచ్చి, మాదన్నపేట దగ్గర ఒక గల్లీలో అద్దెకు తీసుకున్న వాటాలో దింపి, వీధివైపు కిటికీ తెరిచి, "అదిగో, చూడు అమ్మాజీ!" అన్నారు. ఏ చార్మినారో కనిపిస్తుందని ఆశగా చూశాను. ఎదురుగా ఒక గేదె నిలబడి నెమరు వేస్తోంది.

"గేదెనా?" అన్నాను.

"గేదె కాదు, దాని వెనకాల," అన్నారు.

దాని వెనకాల ఉన్నది గడ్డి దర్వాజా. మా ఆయన ఆ వాటా అద్దెకు తీసుకున్నదే దానికోసమని నాకు ఆ తర్వాత తెలిసింది. నీళ్ల కుళాయి ఎక్కడుందో, వంటింట్లోకి వెలుతురు వస్తుందో లేదో ఆయన చూడలేదు. భర్త పేరు నోటితో చెప్పకూడదంటారు గానీ, కాగితం మీద రాస్తే తప్పులేదనుకుంటాను. ఆయన పేరు వీరరాఘవరావు. పాత కోటలూ, గోరీలూ, బురుజులూ ఎక్కడ ఏ స్థితిలో ఉన్నాయో చూసి రాసే సర్కారీ ఆఫీసులో ఉద్యోగం. రాళ్ల మీద ఉన్న శ్రద్ధలో నాలుగోవంతు మనుషుల మీద పెట్టినా నా సంసారం ఇంకోలా ఉండేది. మంచివాడు కాదని అనను. చీమను కూడా పక్కకు జరిపి అడుగు వేసే రకం. ఆ చీమ ఏ రాతి మీద పాకుతోందో చూశాకే ఆయనకు చీమ కనిపిస్తుంది, అంతే.

హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు రాతి ప్రాకారం ఉండేది. దానికి పెద్ద దర్వాజాలు కొన్ని, బండ్లూ మనుషులూ దూరడానికి చిన్నవి కొన్ని. ఆ చిన్నవాటిలో చిన్నది మాది. తెల్లారగట్ల పల్లెల నుంచి పచ్చిగడ్డి బండ్లు దీనిగుండా ఊళ్లోకి వచ్చేవట, అందుకని ఆ పేరు. ఏ నవాబు పేరో, ఏ బేగం పేరో లేకపోయిందని మా ఆయన కొంచెం చిన్నబుచ్చుకునేవారు. పెద్ద పెద్ద కొండరాళ్లు చెక్కి డంగుసున్నంతో పేర్చిన కట్టడం. పైన కొసతేలిన కమాను. కమానుకు అటూ ఇటూ గచ్చుతో చేసిన రెండు పువ్వులు. ఒకదానికి రేకలు రాలిపోయాయి, రెండోదానిలో పిచ్చుకలు కాపురం పెట్టాయి. తలుపులు ఏనాడో పోయాయి. వాటి ఇరుసులు తిరిగిన రాతి గుంటలూ, అడ్డదూలం దూర్చే చదరపు కన్నాలూ మాత్రం ఉన్నాయి. గోడ మందంలోనే పహరావాళ్ల కోసం అటొక గది, ఇటొక గది. కుడిచేతి గది కప్పు కూలిపోయింది. ఎడమచేతి గది మీద ఇటుకలతో వంపు తిప్పి కట్టిన కప్పు చెక్కుచెదరలేదు.

ప్రాకారం మాత్రం లేదు. ఎవరి ఇంటి అవసరానికి వాళ్లు రాళ్లు పట్టుకుపోగా, మిగిలింది రోడ్డు కిందకు పోయింది. ఆ రోడ్డు కూడా దర్వాజాలోంచి పోదు. పక్కనుంచి వంపు తిరిగి పోతుంది. రిక్షాలు, సైకిళ్లు, పెళ్లి ఊరేగింపులు, పీర్ల ఊరేగింపులు, అన్నీ పక్కనుంచే. అటు గోడ లేక, ఇటు తలుపు లేక, లోపలా బయటా అనే తేడా లేక, ఆ దర్వాజా రోడ్డు పక్కన ఊరికే నిలబడి ఉండేది. దాన్ని దర్వాజాగా చూసినవి మొగులయ్య గేదెలు మాత్రమే. పక్కన బోలెడంత దారి ఉన్నా అవి పొద్దున కమానులోంచే వెళ్లి, సాయంత్రం కమానులోంచే వచ్చేవి.

మొగులయ్య ఇల్లు ఆ ఎడమచేతి గదే. కూలిన గదిలో గేదెలు, మంచి గదిలో మనుషులు. మొగులయ్య ఎక్కువ మాట్లాడడు. ఎదుటివాళ్లు ఏమంటే దానికి తలూపుతాడు. మాటలన్నీ అతని భార్య బుచ్చమ్మవి. గల్లీ అంతటికీ పాలు పోసేది ఆవిడే. పాలలో నీళ్లు కలుపుతోందని రోజూ నేననడం, "నీళ్లు నేను గలుపుతనా అమ్మాజీ, బర్రె తాగుతది గద, అది గలుపుతది," అని ఆవిడ అనడం మాకు పొద్దుటి ముచ్చట. నా పేరులోనే జీ ఉండటంవల్ల ఆ గల్లీలో నాకు ఉత్తపుణ్యానికి గౌరవం దక్కేది.

"మీరు ఈ దర్వాజాలోకి ఎప్పుడొచ్చారు బుచ్చమ్మా?" అని ఒకసారి అడిగాను.

"మా మామ వానకొచ్చిండమ్మా," అంది, చెంబు గడప మీద పెట్టి. "చాంద్రాయణగుట్ట అవుతల మా ఊరు. గత్తర రోగమొచ్చి ఊరు ఖాళీ అయితుంటే ఒక్క బర్రెను దోలుకొని ఎల్లిండంట. గీడికొచ్చేసరికి మస్తు వాన. జెరసేపు నిలవడుదమని లోపల్కి జొచ్చిండు. వాన వెలిసింది గని మా మామ ఎల్లలే." నవ్వింది. "నేను లగ్గమై అచ్చింది గీడికే. ముగ్గురు పోరగాండ్లను గన్నది గీడనే. ఎండకాలం గా గదిల ఎంత సల్లగుంటదో నీకెర్క లేదు."

డెబ్బై నాలుగులో మా ఆయన ఆఫీసుకు ఒక హుకుం వచ్చింది. దక్షిణం వైపు మిగిలిన చిన్న దర్వాజాలు మూడింటిని చూసి, చరిత్ర ఉన్న ఒక్కదాన్ని రక్షిత కట్టడంగా ఎంచాలి. మిగిలిన రెండూ ఎలా ఉన్నవి అలా. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. మాకు తెలిసిందల్లా, మా ఆయన టేపు పట్టుకుని దర్వాజా చుట్టూ తిరుగుతున్నారని. కమాను ఎత్తు, గోడ మందం కొలిచారు. బుచ్చమ్మ పొయ్యి దగ్గరకు వెళ్లి, "కొంచెం ఆ కుండ జరుపమ్మా," అని కుండ వెనకాల గోడ కూడా కొలిచారు.

సర్కారు మనిషి టేపు తీస్తే పేదవాడి గుండె ఆగుతుంది. మొగులయ్య గేదెలను కట్టేసి నేరుగా గల్లీ మొదట్లో ఉన్న బాలనర్సింహ చాయ్ హోటల్‌కు పోయాడు. కోర్టు వ్యవహారాలన్నీ తనకు తెలుసని బాలనర్సింహ నమ్మకం, గల్లీ నమ్మకం కూడా అదే. తన హోటల్ జాగా మీద ఎవరో దావా వేస్తే, తాత కాలం నుంచి అక్కడే చాయ్ కాస్తున్నామని ముసలివాళ్లను సాక్ష్యం నిలబెట్టి గెలిచాడు. పాతబస్తీలో జాగా తగాదా అంటే అంతే. కాగితాలు ఎవరి దగ్గరా ఉండవు. ఎవడి తాత ఎక్కువ పాతవాడో జాగా వాడిది. అక్కడ బాలనర్సింహ ఇచ్చిన సలహా ఏమిటో బుచ్చమ్మ మర్నాడు పాలు పోస్తూ పూసగుచ్చినట్టు చెప్పింది.

"మొగులన్నా, ఫికర్ జెయ్యకు," అన్నాడట. "సారొచ్చి అడిగితే, మా నాయిన వానకొచ్చిండని సచ్చినా అనకు. పాతోళ్లమను. ఎంత పాతోళ్లమంటే గంత బలం."

"ఎంత పాతోళ్లమనాలె?" అని మొగులయ్య అడిగాడట.

"దర్వాజంత పాతోళ్లమను. దానికంటె పాతోడు ఎవడొస్తడు?"

ఆ సాయంత్రం మా ఆయన దర్వాజా ముందు రాతి మీద కూర్చుని రాసుకుంటుంటే కాఫీ పట్టుకెళ్లాను. మొగులయ్య వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన ధైర్యం కోసం బాలనర్సింహ.

"సారు, మేం గీ దర్వాజ కాపలోళ్లం," అన్నాడు మొగులయ్య, పాఠం అప్పజెప్పినట్టు. "మా తాతల తాతలు గీ దర్వాజ తెరిసేటోళ్లు, మూసేటోళ్లు. గందుకే గీ గదిల ఉంటున్నం."

మా ఆయన కలం ఆగిపోయింది. ఆయన ముఖం అలా వెలగడం మా పెళ్లిలో కూడా నేను చూడలేదు.

"ఏ కాలం నుంచి? కుతుబ్‌షాహీల కాలమా?"

"గా కాలమే సారు."

"మరి ప్రాకారం అంతా కట్టింది ఆ తర్వాత అంటారే. ఆసఫ్‌జాహీల కాలం కాదూ?"

"అప్పుడు గూడ ఉన్నం సారు."

"పేర్లేమైనా గుర్తున్నాయా?"

మొగులయ్య బాలనర్సింహ వైపు చూశాడు. పేర్ల సంగతి ముందుగా అనుకోలేదు. "మొగులయ్య సారు," అన్నాడు చివరికి. "మా దాంట్ల అందరు మొగులయ్యలే."

మా ఆయన అది కూడా రాసుకున్నారు. కాఫీ చల్లారిపోయింది. నేను బుచ్చమ్మ వైపు చూశాను. ఆవిడ కళ్లతోనే నన్ను బతిమాలింది. నాకు నవ్వు ఆగలేదు గానీ, ఆపుకున్నాను. ఒక చిన్న అబద్ధంతో ఒకరి ఇల్లు నిలబడుతుందంటే నాకేం నొప్పి? పైగా వాళ్లు పోతే నాకు పాలెవరు పోస్తారు?

రెండు నెలల తర్వాత మా ఆయన మల్లెపూలు, మిఠాయి పొట్లం పట్టుకుని ఇంటికొచ్చారు. పండుగలకే మర్చిపోయే మనిషి. "గడ్డి దర్వాజా రక్షిత కట్టడం అయింది అమ్మాజీ!" అన్నారు. "మూడింటిలో మనదే గెలిచింది. అసలు నేను ఇందులో చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదని రాసేసేవాణ్ణి. వదిలేసేవాళ్లు. సమయానికి మొగులయ్య చెప్పాడు. కాపలాదారు గది, అందులో ఇప్పటికీ ఆ వంశం వాళ్లే! ఇలాంటిది దేశంలో ఇంకెక్కడైనా ఉందా? మా ఆఫీసరు శ్రీహరిరావు గారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు."

"అయితే వాళ్లనిక ఎవరూ కదపరన్నమాట," అన్నాను పూలు తురుముకుంటూ.

"కదపకపోతే ఎలా? రక్షిత కట్టడంలో మనుషులు కాపురం ఉండకూడదు. గేదెలైతే అసలే కూడదు. అందులోనూ ఆ గది చాలా ముఖ్యం. వచ్చే నెలలో ఖాళీ చేయాలి," అన్నారు, మిఠాయి నోట్లో పెట్టుకుని.

నేను పూలు తీసి బల్ల మీద పెట్టాను. విశేషం లేదని రాసి ఉంటే ఆ గదికి ఏ భయమూ ఉండేది కాదు. వాళ్లు గోరంత మనుషులుగా ఉండి ఉంటే ఆ చల్లటి గదిలో మనవల పెళ్లిళ్లు కూడా చేసుకునేవాళ్లు. కొండంత అని చెప్పుకోబట్టి పోయింది. కోపంతో ఆ పూట ఆయనకు చారు కూడా పెట్టలేదు, వట్టి మజ్జిగన్నం వడ్డించాను. ఆయన గమనించలేదు.

ఆయన పై అధికారి శ్రీహరిరావు గారు జీపులో దర్వాజా చూడటానికి వచ్చిన రోజున గల్లీ అంతా అక్కడే ఉంది. మొగులయ్య ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"సారు, నేను అబద్ధం జెప్పిన," అన్నాడు. అంత పెద్ద గొంతుతో అతను మాట్లాడగా అప్పుడే విన్నాను. "మేం కాపలోళ్లం కాదు. పాతోళ్లం గాదు. మా నాయిన వానకొచ్చిండు. మొన్నమొన్న వచ్చినోళ్లం సారు. మాకు ఏ చరిత్ర లేదు."

శ్రీహరిరావు గారు అతణ్ణి రెండు చేతులా లేవనెత్తారు. "చూశారా వీరరాఘవరావు గారూ," అన్నారు గద్గదంగా. "తరతరాల సేవ చేసినవాళ్లలోనే ఇంత వినయం ఉంటుంది. దొంగవాడైతే నేనే వారసుణ్ణని గోల పెట్టేవాడు కాదూ?"

"సార్, గీ సలహా ఇచ్చింది నేనే సార్," అన్నాడు బాలనర్సింహ, జనంలోంచి ముందుకొచ్చి. "నా మాట నమ్మున్రి. వీళ్ల నాయిన నిజంగనే వానకొచ్చిండు."

"భయపడకండి," అన్నారు శ్రీహరిరావు గారు. "సర్కారు మీ మంచికే చేస్తుంది."

ఇక నేను ఊరుకోలేకపోయాను. "అవునండీ, వాన సంగతి బుచ్చమ్మ నాకు ఎప్పుడో చెప్పింది," అన్నాను. మా ఆయన నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఆడవాళ్లు పాల దగ్గర చెప్పుకునే కబుర్లు చరిత్ర కాదు అమ్మాజీ," అన్నారు. మొగులయ్య చేతులు కట్టుకుని చెప్పినది మాత్రం చరిత్ర. ఎందుకంటే అది కావాలని ఆయన ఎంతోకాలంగా ఎదురుచూశారు.

అబద్ధం చెప్పినప్పుడు ఒక్కమాటకే నమ్మినవాళ్లు, ఇంతమంది కలిసి నిజం చెబితే నమ్మలేదు.

ఖాళీ చేసే రోజున బుచ్చమ్మ ఏడవలేదు. చీపురు పట్టుకుని గది ఊడవబోయింది. అద్దె ఇల్లైనా ఊడ్చి, అలికి, దీపం పెట్టి అప్పగించడం ఎవరికైనా అలవాటే కదా. ఆఫీసు వాళ్లు అడ్డుపడ్డారు. గదిలో దుమ్ము కూడా కదపకూడదట, మట్టిని పరిశీలించాలట. "ఊడ్వకుంట ఎట్ల పోను? ఇల్లు గిట్ల ఇడిసిపెట్టిందని నలుగురు నన్ననరా?" అని ఆవిడ మొత్తుకుంది. ఎవరూ వినలేదు. చీపురు చంకలో పెట్టుకుని రిక్షా ఎక్కింది. చాంద్రాయణగుట్ట దగ్గర ఒక రేకుల గది దొరికింది. గేదెలను కట్టేసే చోటు లేక వాటిని అమ్మేశారు. నేను సీసా పాల కోసం బూత్ దగ్గర వరసలో నిలబడటం మొదలుపెట్టాను.

మా ఆయనకు ఏ మూలో నొచ్చినట్టుంది. ఆఫీసులో పట్టుబట్టి ఒక పని చేశారు. రక్షిత కట్టడానికి కాపలాదారు కావాలి కదా, ఆ ఉద్యోగం మొగులయ్యకు ఇప్పించారు. "వంశపారంపర్యంగా వస్తున్న పని, వేరేవాళ్లకు ఎలా ఇస్తాం?" అని వాదించారట. ఖాకీ బట్టలు, లాఠీకర్ర, మెడలో వేలాడే ఈల ఇచ్చారు. ఉద్యోగం దొరికిందని బాలనర్సింహ హోటల్లో అందరికీ చాయ్ పోయించాడు. అలా మొగులయ్య చెప్పిన అబద్ధం నిజమైంది. నిజంగానే గడ్డి దర్వాజాకు కాపలావాడయ్యాడు. ఆ గదిలోకి ఎవరినీ రానివ్వకుండా చూడటం అతని పని. కమానుకు అడ్డంగా ఒక ఇనుప గొలుసు కట్టారు. పొద్దున వచ్చి గొలుసు తీస్తాడు, సాయంత్రం అయిదింటికి మళ్లీ తగిలించి ఇంటికి పోతాడు. పక్కనుంచి లోకమంతా తిరుగుతూనే ఉంటుంది.

నీలం రంగు బోర్డు కూడా పెట్టారు. ఈ గదిలో తరతరాలుగా ద్వారపాలకుని కుటుంబం నివసించెను, గోడలను ముట్టరాదు, లోపల వంట చేయరాదు, పశువులను కట్టరాదు. చదువు రాని మొగులయ్య ఆ బోర్డు కిందే స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

గది ఖాళీ అయ్యాక మా ఆయనకు ఇంకొక నిధి దొరికింది. కమాను లోపలి గోడ మీద గుండ్రటి ముద్రలు, ఒక్కొక్క దానిలో అయిదు వేళ్ల గుర్తులు, వరసలు వరసలుగా. "దర్వాజా పూర్తయిన రోజున కట్టినవాళ్లు తమ అరచేతులు అద్దిపోయి ఉంటారు. లేదా కాపలావాళ్ల ప్రమాణ చిహ్నాలు," అన్నారు.

"ఏవండీ, అవి పిడకలు," అన్నాను. "బుచ్చమ్మ పేడ కొట్టిన గోడ అది. పిడక ఊడదీస్తే మరక మిగులుతుంది. మా అమ్మమ్మగారి ఊళ్లో ప్రతి గోడకీ ఉంటాయి."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "ఏదైనా పరీక్ష చేయించకుండా అనకూడదు," అన్నారు. పరీక్ష చేయించలేదు. ఫొటోలు తీయించి ఢిల్లీకి పంపించారు.

ఆ ఫొటోలు చూసి ఢిల్లీ నుంచి ఒక పెద్ద అధికారి బయలుదేరాడు, భార్యతో సహా. ఆవిడకు తోడుగా ఉండమని మా ఆయన నన్ను కూడా రమ్మన్నారు. ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వెళ్లాను. అప్పటికే బుచ్చమ్మ వచ్చి ఉంది. చేతిలో బకెట్టు, కొబ్బరి పీచు. ఢిల్లీ వాళ్లు వెళ్లేదాకా జనం కోసం గొలుసు తీయొద్దన్నారట, దాని దగ్గర మొగులయ్యతో వాదిస్తోంది.

"ఢిల్లీకెల్లి పెద్దోళ్లొస్తున్రంట గద," అంటోంది. "మనింటికి గంత పెద్దోళ్లొస్తుంటే గోడ గట్లనే ఉంటదా? పేడ మరకలు. సూసినోళ్లు నన్నంటరా, నిన్నంటరా? జెరంత కడిగి పోత."

"వద్దే," అన్నాడు మొగులయ్య, అటూ ఇటూ చూస్తూ. "ముట్టద్దంట. గవి గిప్పుడు మనయి గావు."

"నా మరకలు నాయి గాకుంటె ఎవలయి?"

జీపులు వచ్చేశాయి. బుచ్చమ్మ బకెట్టుతో గొలుసు పక్కకు తప్పుకుంది. ఢిల్లీ అధికారి పొడుగాటి మనిషి, మర్యాదస్తుడు. కమాను చూశాడు, గచ్చుపువ్వు చూశాడు, పిచ్చుకలను చూశాడు. పేడ ముద్రల ముందుకు వచ్చి మాత్రం వంగి ఒక్కొక్కటే పరీక్షగా చూశాడు. తర్వాత మొగులయ్య వైపు తిరిగి, ఈ చేతులు ఎవరివని హిందీలో అడిగాడు.

మా ఆయన ముందుకు వచ్చారు. ఈ క్షణం కోసమే ఆయన నెలల తరబడి కాచుకుని ఉన్నారు. "సార్, ఈ కాపలాదారే..." అని మొదలుపెట్టారు.

మొగులయ్య ఆయన్ను పూర్తి చేయనివ్వలేదు. "మాలూమ్ నై సాబ్," అన్నాడు. "పురానే లోగాఁ కే హై." తనకు తెలియదట, ఎవరో పాతవాళ్లవట.

"వాళ్ల కుటుంబం ఉందన్నారే? ఇప్పుడు ఎక్కడున్నారు?" అన్నాడు ఢిల్లీ అధికారి.

"ఖతం హో గయే సాబ్. కోయీ నై హై."

అంతా పోయారు, ఎవరూ లేరన్నాడు. మా ఆయన తెరిచి పట్టుకున్న ఫైలు మెల్లగా మూసేశారు. ఉన్నామంటే ఏమవుతుందో మొగులయ్యకు ఒకసారి అనుభవమైంది. ఈసారి ఉన్నామంటే ఇంకేం పోతుందో ఎవరు చెప్పగలరు? ఢిల్లీ అధికారి భార్య నిట్టూర్చి, పాపం అంది.

ఆ మాట బుచ్చమ్మ కూడా విన్నది. కొంగు నడుముకు బిగించి, గొలుసు దాటి లోపలికి వచ్చి, బకెట్టులో నీళ్లు చెంబుతో తీసి గోడ మీద కొట్టి, పీచుతో రుద్దడం మొదలుపెట్టింది. ఇంట్లోవాళ్లంతా పోయినా ఇల్లు శుభ్రంగా ఉండాలి కదా అన్నట్టు, ఒళ్లు దాచుకోకుండా రుద్దుతోంది. పచ్చటి నీళ్లు రాళ్ల మీదుగా కారాయి.

"అరే, రోకో! రోకో ఉసే!" అని ఢిల్లీ అధికారి కేక పెట్టాడు.

"వాచ్‌మన్!" అని శ్రీహరిరావు గారు అరిచారు. "చూస్తూ నిలబడతావేంటయ్యా?"

మొగులయ్య ఈల నోట్లో పెట్టుకున్నాడు. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. అందరూ అతని వైపే చూస్తున్నారు. కళ్లు మూసుకుని రెండోసారి ఊదాడు. ఆ చప్పుడుకు గచ్చుపువ్వులోంచి పిచ్చుకలు లేచి పోయాయి.

బుచ్చమ్మ చెయ్యి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. "నన్నా?" అంది.

మొగులయ్య ఈల నోట్లోంచి తీయలేదు. తీస్తే ఏదో ఒకటి మాట్లాడాలి. ఢిల్లీ అధికారి అతని దగ్గరకు వచ్చి భుజం తట్టాడు. ఇక్కడి జనానికి వీటి విలువ తెలియదనీ, ఇలాంటి చురుకైన కాపలాదారు ఉండబట్టి మిగిలాయనీ అన్నాడు. శ్రీహరిరావు గారు తల పంకించారు. అందరూ కూలిపోయిన గది వైపు కదిలారు. మా ఆయన మాత్రం ఒక అడుగు వెనకబడి, చెరిగిపోయిన ముద్ర వైపు, దాని కింద బుచ్చమ్మ చేతిలోని తడి పీచు వైపు చూశారు. చాలాసేపే చూశారు. తర్వాత ఆయన కూడా వాళ్ల వెంట వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ అరచేతుల ప్రస్తావన రాలేదు.

నేను కదల్లేదు. బుచ్చమ్మ గొలుసు దాటి బయటికి వచ్చాక, ఢిల్లీ వాళ్ల కోసం తెచ్చిన కాఫీ గ్లాసులో పోసి ఆవిడ చేతికి ఇచ్చాను. ఒక గుక్క తాగింది.

"సీసా పాలా అమ్మాజీ?" అంది. "మస్తు నీళ్లున్నయి."

నవ్వబోయాను గానీ నాకు ఏడుపు వచ్చేసింది. ఆవిడే నా వీపు మీద చెయ్యి వేసింది. గ్లాసు తిరిగి ఇచ్చి, బకెట్టులో మిగిలిన నీళ్లు రోడ్డు పక్కన పారబోసి, నడుముకు బిగించిన కొంగు విప్పి తలమీదుగా కప్పుకుంది. వెళ్లబోతూ గొలుసు ఇవతల నిలబడి, రోజూ అడిగేలాగే మొగుణ్ణి అడిగింది.

"ఇంటికెప్పుడొస్తవ్?"

మొగులయ్య తలెత్తలేదు. "అయిదింటికొస్త," అన్నాడు. "దర్వాజ మూసినంక."